సన్యాసిరెడ్డి మూర

నేను ఒక పీటను. కూర్చునే పీటను కాను, పెళ్ళిపీటను అసలే కాను. చేపల్ని కొలిచే పీటను. కాగితాల్లో నా పేరు మెజరింగ్ బోర్డు. ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషి ఇంతవరకూ ఒక్కరే. ఆవిడ కూడా రెండో వేసవికల్లా మానేసి పీట అనడం మొదలుపెట్టింది. మీరూ అలాగే అనండి, నాకేం పోయింది.

ముందే చెప్పేస్తున్నాను, నా దగ్గర కన్నీళ్ళు దొరకవు. నా మీద ఇప్పటికి ఏడు వేల పైచిలుకు చేపలు పడుకున్నాయి. మొదట్లో ఒక్కొక్కటీ విడివిడిగా తెలిసేది. ఇది బెదురుది, ఇది మొండిది, దీని పొలుసు గరుకు, దీని పొట్ట మెత్తన అని. ఆ తర్వాత తిమ్మిరెక్కింది. కాలికి తిమ్మిరెక్కితే మీరు విదిలించుకుంటారు. నాకు కాలెక్కడిది? అలాగే ఉండిపోయాను.

నేను పుట్టింది రంపచోడవరంలో, ఎవరిదో తలుపు చెయ్యగా మిగిలిన టేకు ముక్కలోంచి. చేసినవాడు సత్యానందం అనే వడ్రంగి. చేయించింది సువర్చల. చేపల మీద పెద్ద చదువు చదివి, కొండవాగుల్లో ఏముందో, ఏం పోతోందో చూసే ఉద్యోగంలో ఉందావిడ. కాగితం మీద నా బొమ్మ గీసి పట్టుకొచ్చింది. రెండడుగుల చెక్క, మధ్యలో ఉక్కు స్కేలు, ఒక చివర నిలువుగా చిన్న అడ్డుపలక. చేప మూతి అడ్డుపలకకి ఆనాలి, తోక ఏ అంకె దగ్గరికి వస్తే అదే దాని పొడవు.

సత్యానందం బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కూర్చుంటే స్కేలు గుచ్చుకోదామ్మా?" అన్నాడు.

"కూర్చోవడానికి కాదండీ. చేపలు పడుకోడానికి."

"పడుకోనివ్వండి పాపం," అని మరలు బిగించాడు. స్కేలు మీది సున్నా గీత సరిగ్గా అడ్డుపలక మొదట్లోకి వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన పనికి వంక పెట్టడానికి లేదని నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

అక్కణ్ణుంచి జీపులో నన్ను కొండమీదికి తెచ్చారు. అక్కడ ఎర్రమామిడి వాగని ఒకటి, వానల్లో ఒళ్ళు తెలియకుండా పరుగెత్తుతుంది, వేసవిలో మడుగులు మడుగులుగా తెగిపోతుంది. అన్నిట్లోకీ పెద్దది గుర్రాలమడుగు. ఆ మడుగులో చాలాకాలంగా ఉంటున్న చేపను ఊళ్ళో బిళ్ళచేప అంటారు. ఒక్కో పొలుసూ రూపాయి బిళ్ళంత ఉంటుంది మరి. వాన పడగానే అది పైవాగులోకి ఎదురీదుకుంటూ పోయి, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టి దిగుతుంది. ఇది సొంతింటి చేప.

ఇంకొకటి జిలేబి చేప. పైన చెరువులో ఎవరో పెంచుకోడానికి పోశారు, గట్టు తెగి వాగులో పడింది. వచ్చింది వచ్చినట్టు ఊరుకుందా? బిళ్ళచేప గుడ్లు తిని, పిల్లల్ని తిని, మడుగంతా తనదే అన్నట్టు కూర్చుంది. దాన్ని తగ్గించాలి, బిళ్ళచేపను బతికించాలి. మాఘం నుంచి వానలు పడేదాకా ఏటా మాకిదే పని.

మాకు అన్నాను కదా. సువర్చల, నేను, మూడోవాడు సన్యాసిరెడ్డి. కొండరెడ్డి, వల విసరడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. అరవై దాటాయి. ఇంటిపేరు చెదల. ఆ పేరు వినగానే కొయ్యముక్కనైన నాకు ఒళ్ళు జలదరించింది కానీ, మనిషి మాత్రం మెత్తన.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. చైత్రంలో భూమి పండగకి ఊరంతా మడుగు దగ్గర చేరి, మత్తు పట్ట, అంటే చేపలకి మత్తెక్కించే చెట్టు బెరడు, దంచి నీళ్ళలో కలుపుతారు. చేపలన్నీ సొమ్మసిల్లి తేలతాయి, ఇంటింటికీ పంచుకుంటారు. ఒకప్పుడు మడుగు నిండా చేపలే కాబట్టి ఎంత తిన్నా తరగలేదు. ఇప్పుడలా లేదు. పండగ చేపను కొన్నేళ్ళు మానుకోమని ఊరిని అడిగినవాడు సన్యాసిరెడ్డే. ఊరి పెద్దకాపు గురవారెడ్డి ఒప్పుకోలేదు.

"ఎన్నాళ్ళు మానుకోవాలేటి? దానికో అంతుండాలి కదా," అన్నాడు.

అప్పుడు సన్యాసిరెడ్డి తన కుడిచెయ్యి చాపి చూపించాడు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర. మూరెడు చేప ఒక్క వానాకాలమైనా గుడ్లు పెట్టి ఉంటుందని వాళ్ళ తాతలనాటి లెక్క. సువర్చల పుస్తకాల్లోనూ కాస్త అటూ ఇటూగా అదే ఉంది. "నా మూరకొచ్చిన సేపలు పది అగుపించేదాకా మడుగు మూసేద్దారి. పది అగుపించాక నేనే పట్ట దంచుతాను," అన్నాడు. పదీ గుడ్లు పెట్టేశాయంటే పైవాగులో పిల్లలున్నట్టే, పెద్దవాటిని తిన్నా ఫరవాలేదు. అందరికీ నచ్చింది.

మూర అంటే ఎంత? కాగితం మీద రాయాలి కదా. సన్యాసిరెడ్డి మోచెయ్యి నా అడ్డుపలకకి ఆనించి, చెయ్యి స్కేలు మీద పరిచాడు. నా మీద మొట్టమొదట కొలిచింది చేపను కాదు, ఆ చేతినే. నలభై నాలుగు సెంటీమీటర్లు. సువర్చల రాసుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉండటం నాకు గుర్తుంది. ఆ తర్వాత అన్నీ చల్లనివే.

పని ఇలా జరిగేది. ఆయన వల విసిరేవాడు. చేపను తెచ్చి నా మీద పడుకోబెట్టి అంకె కేకేసి చెప్పేవాడు. పుస్తకం తడవకుండా సువర్చల దూరంగా బండరాయి మీద కూర్చుని రాసేది. ఆయనకి చదువు రాదు. అంకెలు మాత్రం నా మీదే నేర్చుకున్నాడు. బిళ్ళచేపైతే కళ్ళమీద తడిగుడ్డ కప్పి, గబగబా కొలిచి, రెండు చేతులా పట్టుకుని నీళ్ళలో వదిలేవాడు. జిలేబి అయితే కొలిచి, రాయితో తలమీద ఒక్కటి.

జిలేబి తల్లి పిల్లల్ని నోట్లో దాచుకుంటుంది. భయపడితే ఉమ్మేస్తుంది. అలా నా మీద ఎన్నిసార్లు ఉమ్మిందో. నువ్వుగింజంత పిల్లలు స్కేలు మీద సున్నా నుంచి పదో అంకె దాకా గిలగిలలాడుతుంటే ఆయన అరచేత్తో తుడిచి ఒడ్డున పడేసేవాడు. మొదటిసారి ఆయన చెయ్యి ఆగింది. మూడోసారికి ఆగలేదు. నాకూ అంతే. పాపమా అంటే పాపమే, ఏం చేస్తాం, పని అది.

వానాకాలం, చలికాలం నేను సన్యాసిరెడ్డి ఇంట్లో అటకమీద ఉండేదాన్ని. రెండో వేసవి అయ్యాక ఒకరోజు ఆయన నన్ను దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. అడ్డుపలకని వేలితో రుద్ది చూశాడు.

"బిళ్ళచేప మూతి కమిలిపోతందే. కొయ్య గట్టిగా తగులుతంది దానికి," అన్నాడు భార్య బుల్లెమ్మతో.

"సేపకి కూడా పరుపు కావాలేటి?" అందావిడ.

అరిగిపోయిన హవాయి చెప్పు ఒకటి వెతికి, మడమ దగ్గర అరగని ముక్క కోసి, అడ్డుపలక లోపలివైపు అంటించి రెండు మేకులు కొట్టాడు. వేలితో నొక్కి చూసుకుని ముచ్చటపడ్డాడు. మెత్తగానే ఉంది. మందం సెంటీమీటరున్నర.

మీకు తెలిసిపోయింది కదూ. నాకూ అప్పుడే తెలిసింది. చేప మూతి ఇక సున్నా దగ్గర ఆనదు, సెంటీమీటరున్నర దగ్గర ఆనుతుంది. తోక అంతే ముందుకి జరుగుతుంది. చెప్పడానికి నాకు నోరేది? ఆయన చూసేది తోక దగ్గరి అంకెను. ఆవిడ చూసేది పుస్తకాన్ని. మూతి దగ్గర ఏం జరుగుతోందో ఎవరికీ పట్టలేదు.

మూడో వేసవిలో మడుగులో చేపలన్నీ ఒక్కసారిగా పెరిగాయి. సువర్చల సంతోషం చూడాలి! "జిలేబీలు తగ్గాయి కదా బాబాయ్, తిండి దొరికి ఒళ్ళు చేశాయి," అంది. జిలేబీలూ పెరిగాయే అని సన్యాసిరెడ్డి అంటే, మిగిలిన వాటికీ తిండి దొరికింది కదా అంది. దేనికైనా ఒక కారణం సిద్ధంగా ఉంచుకుంటారు చదువుకున్నవాళ్ళు. కోరుకున్న అంకె వచ్చింది, ఇంకొకసారి కొలవాలని ఎవరికి అనిపిస్తుంది?

ఐదో వేసవి వచ్చింది. అప్పటికి ఊరు విసిగిపోయింది. పండక్కి ఎండు జిలేబీలు తినీ తినీ, మట్టి కంపని గురవారెడ్డి సన్యాసిరెడ్డిని ఎదురుపడ్డప్పుడల్లా దెప్పుతున్నాడు. ఆ ఏడు ఫాల్గుణం చివరికి నలభై నాలుగు తాకి, గుర్తుకి రెక్క కొస కత్తిరించి వదిలిన చేపలు తొమ్మిది. ఒక పొద్దున్న పదోది వలలో పడింది. తెచ్చి నా మీద పెట్టాడు. నలభై నాలుగు, ఇంకో గీత కూడా.

అయితే ఆయన కేకెయ్యలేదు. చేపను నీళ్ళలోకి తీసుకుపోయి తన మోచేతి పొడవునా ఆనించి చూశాడు. తిరిగొచ్చి నా మీద పెట్టాడు. మళ్ళీ నీళ్ళలోకి పోయాడు.

"ఏమైంది బాబాయ్?" అంది సువర్చల, బండమీంచి లేవకుండానే.

"నా మూరకి రాలేదమ్మగోరూ. బొటనేలంత తక్కువుంది. పీటకొచ్చింది."

"నీళ్ళలో చేప కుదురుగా ఉంటుందా? మెలికపడి ఉంటుంది. పీట తప్పదు బాబాయ్. మీ చెయ్యి తప్పుతుందేమో గానీ."

ఆయన తన చేతిని ఓసారి చూసుకున్నాడు. యాభై ఏళ్ళుగా ఆ వాగులో చేపల్ని పట్టిన చెయ్యి. "నిజవేలే. ముసిలోణ్ణయిపోయాను," అన్నాడు. "రాసుకోండి. నలభై నాలుగు."

ఒరేయ్ పిచ్చివాడా, నీ చెయ్యే నిజం అని అరవాలనిపించింది నాకు. తిమ్మిరంతా వదిలి ఒక్క క్షణం ఒళ్ళంతా తెలిసింది. ఆవిడ రాసేసింది.

భూమి పండగనాడు డప్పులు మోగాయి. మాట ప్రకారం సన్యాసిరెడ్డే పట్ట దంచాడు. నన్ను ఒడ్డున బండకి ఆనించి పెట్టారు, మర్యాదకన్నమాట. మధ్యాహ్నానికి బిళ్ళచేపలు వెల్లకిలా తేలాయి. పెద్దవి, చిన్నవి, అన్నీ. చిన్నవాటిని వదిలేద్దామని సువర్చల బిందెలతో మంచినీళ్ళలోకి మార్చింది కానీ, అవి లేవలేదు. జిలేబీలు చాలావరకు అడుగున బురదలో దూరి, మర్నాటికి మళ్ళీ తిరిగాయి. వాటి ప్రాణం గట్టిది.

చేపలు కోసేటప్పుడు బుల్లెమ్మ కత్తి ఆపింది. "ఏటిది, గుడ్డు ఆనవాలే లేదు. సైత్రంలో పొట్టలు నిండుండాలి కదా," అంది. ఇంకొకటి కోసింది. ఇంకొకటి. సువర్చల మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో పొట్టా వేళ్ళతో విప్పి చూసింది. గుడ్లసంచి ఉండాల్సిన చోట సన్నటి దారం పోగులున్నాయి.

"ఇవి ఒక్కసారి కూడా గుడ్లు పెట్టలేదు బాబాయ్," అంది. "వచ్చే వానలకి మొదటిసారి పెట్టేవి."

వానలకి ఇంకా రెండు నెలలుంది.

సన్యాసిరెడ్డి వచ్చి నన్ను తీసుకున్నాడు. జనం మధ్యలో నేలమీద పెట్టి, పక్కన కూర్చుని, ఆరోజు చేసినట్టే మోచెయ్యి ఆనించి చెయ్యి పరిచాడు. నడివేలు నలభై ఐదున్నర దగ్గర ఆగింది. సరిగా ఆనలేదేమోనని మోచేతిని ఇంకా వెనక్కి నొక్కాడు. మోచేతి కింద రబ్బరు మెత్తగా అణిగింది.

అప్పుడు ఆయన తల తిప్పి, తోక వైపు కాకుండా, మూతి వైపు చూశాడు.

"అరవై దాటినోడి సెయ్యి పెరగదు కదమ్మగోరూ," అన్నాడు.

డప్పువాళ్ళకి సంగతి తెలియక దూరంగా వాయిస్తూనే ఉన్నారు. ఆయన మేకుల్ని గోళ్ళతో పీకబోయాడు, రాలేదు. బుల్లెమ్మ కత్తి ఇచ్చింది. చెప్పుముక్క ఊడదీసి గుర్తున్న పది చేపల్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా నా మీద పడుకోబెట్టాడు. నలభై రెండున్నర. నలభై రెండున్నర. నలభై మూడు. పదీ అయ్యాయి, ఒక్కటీ మూరకి రాలేదు. సువర్చల రాసుకోలేదు.

"తప్పు నాది బాబాయ్. నేను లేచి ఒక్కసారి చూసుంటే..." అంది.

"దాని మూతికి నొప్పెడతందని ఆ సెప్పుముక్క ఎట్టానమ్మా," అన్నాడాయన, ఆవిడ మాట విననట్టు. "దాని మూతికని ఎట్టాను."

ఇది మూడేళ్ళ కిందటి మాట. గురవారెడ్డి ఆయన్ని ఒక్కమాట అనలేదు. పండక్కి మడుగు జోలికి ఎవరూ పోవడంలేదు, పోవడానికి ఏముంది గనక. సువర్చల ఏటా వస్తూనే ఉంది, ఇప్పుడు బండమీద కూర్చోవడంలేదు, నా పక్కనే గొంతుక్కూర్చుని అడ్డుపలకని వేలితో తడిమి చూస్తుంది. జిలేబీలు బాగానే పడుతున్నాయి. నా అడ్డుపలక మీద రెండు మేకుల చిల్లులు మిగిలాయి, వాటిలో నీళ్ళు చేరి చెక్క నల్లబడుతోంది. ఇంకొన్నాళ్ళకి పుచ్చిపోతాను. పోతే పోతాను.

పొద్దున్నే వల తడపకముందు సన్యాసిరెడ్డి నన్ను బండమీద పెట్టి, మోచెయ్యి ఆనించి, చెయ్యి పరుస్తాడు. "నలభై నాలుగు," అంటాడు. సువర్చల రాస్తుంది. తర్వాత రోజంతా వల విసురుతాడు. సాయంత్రం ఆవిడ బిళ్ళచేప అని రాసి, దాని పక్కన సున్నా చుడుతుంది.

ఇప్పుడు నేను నిజమే చెబుతున్నాను, వెంట్రుకవాసి తేడా లేదు. జిలేబీలు కాక కొలవడానికి ఆ చెయ్యి ఒక్కటే ఉంది. ఇంకా వెచ్చగానే ఉంటుంది.