మెట్ల లైను

నాకు మతిమరుపు లేదని మా వాళ్లందరూ అంటారు. ఏ పిల్లకు ఏ నెలలో పళ్లొచ్చాయో, ఈ బిల్డింగులో ఎవరు ఏ సామానుతో దిగారో, ఎవరింటి బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుపోయి ఎంతసేపు ఉండిపోయిందో అడగండి, చెబుతాను. చదివింది ఐదో తరగతే అయినా ఆ జ్ఞాపకం మీద నాకు మహా గర్వంగా ఉండేది. ఇప్పుడు లేదు.

మాది నాలుగంతస్తుల బిల్డింగు. పన్నెండు ఇళ్లు. మూడో అంతస్తులో నేనూ, మా అబ్బాయీ ఉంటాం. కింద మెట్ల వారన ఉన్న చిన్న గదిలో మిషనమ్మ బట్టలు కుడుతుంది. ఆమె పేరు ఎవరూ అడగలేదు, పదేళ్లుగా మిషనమ్మే. మొగుడికి చూపు ఆనదు. ఆమె కుట్టు ఆగితే వాళ్లింట్లో పొయ్యి ఆగుతుంది. రోజూ సాయంత్రం నేను దిగి ఆమె పక్కన స్టూలేసుకుని కూర్చునేదాన్ని. నేను కబుర్లు చెబుతుంటే ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊఁ కొట్టేది. నన్ను "మామ్మా, నువ్వు" అనేది. నా సొంత మనవలే "మీరు" అంటారు గానీ, ఆమెది ఆ చనువు.

మెట్ల దీపాలకు, లిఫ్టుకు, నీళ్ల మోటారుకు, ఆ కుట్టు గదికి కలిపి ఒకటే మీటరు. మెట్ల లైను అంటాం. దాని బిల్లు పన్నెండు ఇళ్లూ పంచుకుంటాయి. ఈ వేసవిలో ఆ బిల్లు ఉన్నట్టుండి పెరిగింది. మొదటి నెల ఎండల మీదకు తోశారు. రెండో నెల ఇంకా పెరిగేసరికి సంఘం సెక్రటరీ డాబా మీద మీటింగు పెట్టాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. లెక్క తేలకపోతే ఆయనకు అన్నం సహించదు.

కింది ఇంటాయన తను లిఫ్టే ఎక్కనప్పుడు ఎందుకు కట్టాలన్నాడు. పై ఇంటావిడ తమకు నీళ్లే సరిగా ఎక్కడం లేదంది. గోల సాగుతుండగా నేను కొంగున మడిచి తెచ్చుకున్న మా ఇంటి బిల్లు తీశాను. మా వాడు ఈ వేసవిలో నా గదికి ఏసీ పెట్టించాడు, అయినా మా బిల్లు పైసా పెరగలేదు, పొదుపంటే ఇదీ అని చెప్పాను. ఆ కాగితం చేతులు మారింది. మాస్టారు కళ్లజోడు పైకి నెట్టుకుని చూసి, ఇల్లు నడిపితే మామ్మగారిలా నడపాలన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. ఉబ్బిన నోరు ఊరుకోదు.

"మరి ఈ కరెంటంతా ఎక్కడికి పోతోందంటారు మామ్మగారూ?" అని ఆయన అడిగాడు.

"మిషనమ్మ మిషనుకు మోటారు పెట్టించుకుంది. ఈ వేసవి మొదట్లోనే. కళ్లారా చూశాను" అన్నాను.

అబద్ధం కాదు. మోకాళ్లు వాచి పెడలు తొక్కలేక ఆమె పాత మోటారొకటి కొనుక్కుంది. బిగించిన రోజు తలుపు దగ్గరకేసి, చిన్నపిల్ల బొమ్మ చూపించినట్టు నాకు చూపించింది. నన్ను కూర్చోబెట్టి ఒక గుడ్డ మీద నా చేత కుట్టు వేయించింది. ఎవరికీ చెప్పకు మామ్మా అంది. ఆ సంగతి పదిమందిలో పెట్టాను.

మర్నాడే మోటారు తీసేయమన్నారు. ఆమె తీసేసింది. ఇక రోజంతా పెడలు చప్పుడు మెట్ల మీదుగా మా ఇంటిదాకా వచ్చేది. కాసేపు టకటక ఆడేది, మోకాలు మొరాయిస్తే ఆగేది, మళ్లీ ఆడేది. నేను కిందికి వెళ్లడం మానేశాను. ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నాను.

వారం తర్వాత మాస్టారు మెట్ల లైను చూడమని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. మధ్యాహ్నం నేను నడుం వాల్చి ఉన్నాను. ఏసీ ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను, కానీ హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. కాసేపటికి బయట ఎలక్ట్రీషియన్ "వేశా సార్" అన్నాడు. ఏసీ కూసింది. "తీశా సార్" అన్నాడు. ఏసీ ఆగింది.

మంచం మీద లేచి కూర్చున్నాను. తలుపు పైనున్న వెంటిలేటర్ కిటికీ వైపు చూశాను. రంగు కింద లావుపాటి వైరు పాములా పాకి ఉంది.

ఆరేళ్ల కిందట మా ఆయన ఆ గదిలోనే మంచాన పడి ఉండగా గోడలో వైరు కాలిపోయింది. ఆయనకు ఊపిరందించే యంత్రం ఆగకూడదు. అప్పటి కరెంటు పనివాడు మెట్ల బోర్డు నుంచి లావుపాటి వైరు లాగి, "రెండు రోజులే అమ్మా, గోడ పగలగొట్టి సరిచేస్తాను" అన్నాడు. రెండో రోజు మా ఆయన పోయారు. ఆ తర్వాత వైరు సంగతి ఎవరికి పట్టింది? గదికి రంగులు వేయించినప్పుడు దానిక్కూడా వేసేశారు. ఇన్నేళ్లూ ఆ ప్లగ్గులో నా చిన్న ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఈ వేసవిలో అక్కడే ఏసీ పెట్టారు. చివరి రోజు ఆయన ఎన్ని గుక్కల నీళ్లు తాగారో నాకు గుర్తుంది. వైరు గుర్తు లేదు.

తలుపవతల ఎలక్ట్రీషియన్ చెబుతున్నాడు, లైనులో తేడా ఏమీ కనబడలేదని, కుట్టుమిషను మోటారు మహా అయితే ఒక బల్బంత తింటుందని. తలుపు తీస్తే సరిపోయేది. నేను తీయలేదు. వాళ్లు మెట్లు దిగిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

సాయంత్రం మా వాడికి చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. మర్నాడు వేరే మనిషిని తెచ్చి ఆ వైరు కత్తిరించి మా లైనులో కలిపించాడు. "ఎవరికీ అనకమ్మా. తెలిస్తే తలెత్తుకుని లిఫ్టు ఎక్కలేం" అన్నాడు. సరేనన్నాను. కన్నకొడుకు పరువని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి అది నా పరువే.

తప్పు సర్దుకుంది కదా అనుకుంటే అసలు పాపం అప్పుడు మొదలైంది. తర్వాతి నెల బిల్లు దిగింది. మోటారు తీసేశాక దిగింది కాబట్టి మోటారే తినేసిందని అందరూ తేల్చేశారు. మాస్టారు మా ఇంటికొచ్చి మరీ మెచ్చుకున్నాడు. "ఆదివారం మీటింగులో ఆ గది ఖాళీ చేయమని చెప్పేద్దాం. నమ్మకం లేనిచోట ఎలా ఉంచుతాం మామ్మగారూ" అన్నాడు. ఆయన తాగిన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆయన వెళ్లగానే కిందికి దిగాను. మిషనమ్మ పెడలు తొక్కుతోంది. మోకాలికి గుడ్డ కట్టుకుంది. నన్ను చూసి ఎప్పటిలాగే స్టూలు ఇటు లాగింది. అది చూసి నాకు చచ్చినంత పనైంది. కూర్చోకుండానే, గొంతు తగ్గించి, వైరు సంగతంతా చెప్పాను. మీటింగులో చెప్పింది నేనేనని కూడా చెప్పాను.

మిషను ఆగింది. ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"మోటారు సంగతి నీకొక్కదానికే తెలుసు మామ్మా. అయినా నువ్వని అనుకోలేదు. మనసొప్పలేదు."

నేను ఏదో అనబోయాను. ఆమె చేత్తో ఆపింది.

"నన్నన్నది పదిమందిలో కదా. ఇది నా చెవిలో చెబుతున్నారేంటండీ?"

ఆ "అండీ" నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఆదివారం డాబా మీద మాస్టారు గది మాట ఎత్తకముందే లేచి నిలబడ్డాను. మా వాడు నా చెంగు పట్టుకుని లాగాడు. విడిపించుకున్నాను. అందరికీ చెప్పాను. వైరు గురించి, ఏసీ గురించి, తలుపు తీయకపోవడం గురించి. పోయిన మీటింగులో చేతులు మారిన ఆ బిల్లు కాగితం గురించి కూడా. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. వయసు మీద పడితే మరుపు మామూలేనండీ అని పై ఇంటావిడ జాలిపడింది. వైరు మరిచిపోయాను, నిజమే. తలుపు తీయకపోవడం మరుపు కాదు. ఆ మాటా అన్నాను. అదనంగా పడిందంతా మేమే కట్టుకున్నాం. గది ఆమెకే ఉంచారు, మోటారు పెట్టుకోమన్నారు.

మోటారు అప్పటికే అమ్మేసుకుందట. మా వాడు కొత్తది తెచ్చిస్తే పుచ్చుకోలేదు. తన కుట్టు డబ్బుతో మళ్లీ పాతదే ఒకటి వెతుక్కుంటానందట. ఇంకా దొరకలేదు.

నిన్న దిండు గలీబు చిరిగితే పట్టుకుని దిగాను. ఆమె లేచి నిలబడింది. పదేళ్లలో నాకోసం ఎప్పుడూ లేవలేదు.

"ఎప్పటికి కావాలి అమ్మగారూ?"

తొందరేం లేదన్నాను. స్టూలు మీద కత్తిరించిన బట్టలు దొంతరగా పెట్టి ఉన్నాయి. తీస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఆమె గలీబు మీద సుద్దతో గుర్తు పెట్టుకుని పెడలు మీద కాలు వేసింది. నేను మెట్లెక్కుతుంటే ఆ చప్పుడు నా వెనకాలే పైదాకా వచ్చింది.