గుండ్రంలో ఎక్కడో

నాగావళి పొంగి పొలాల్లో మోకాలెత్తు ఇసక మేట వేసిన ఏడాది. జగన్నాధం నుయ్యి ఆ ఇసకతోనే పూడిపోయింది. కొత్తగా బోరు వెయ్యాలి. ఎక్కడ వెయ్యాలో చెప్పడానికి తిరుమలరావు ఉన్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. కాయ నిక్కి నిలబడ్డ చోట నీరున్నట్టు. నలభై ఏళ్లుగా అదే పని. జగన్నాధానికి ఇప్పటికే రెండు చోట్లు చూపించాడు. రెండింటిలోనూ దుమ్మే లేచింది. జాతకం బాగోలేదని ఊరంతా జగన్నాధాన్నే అన్నారు. మూడోదీ ఎండితే మాత్రం ఇక తిరుమలరావుని ఎవరూ పిలవరు. ఆ పిలుపు తప్ప అతనికి ఊళ్లో వేరే విలువ లేదు.

ఆ బెంగలో ఉండగా మనవరాలు ఝాన్సీ బెంగళూరు నుంచి వచ్చింది. గామా కిరణాల మీద పరిశోధన చేస్తోంది.

"కాయ లేస్తే నీళ్లుంటాయా తాతా? ఒట్టిదే," అని నవ్వింది.

"మరి నీ పనేటే?"

ఫోనులో నల్లటి బొమ్మ చూపించింది. మధ్యలో తెల్లటి గుండ్రం.

"మన పాలపుంతలోదే. ఈ గుండ్రంలో ఎక్కణ్నించో మహా గట్టి కిరణాలొస్తన్నాయి. ఏటి పంపుతున్నాదో తెలీదు."

"గుండ్రం ఎంతుంటాది?"

"ఆకాశంలో మనకి కనిపించే సందమామంత. అందులో పేలిపోయిన నక్షత్రాలు, గిర్రున తిరిగే చుక్కలు, నాలుగైదున్నాయి. ఏదో తేల్లేదు. నెంబరిచ్చి, గుర్తు తెలియనిది అని రాసేస్తాం. ఇలాటివి బోల్డు."

"అలా రాస్తే ఎవులూ తిట్టరా?"

"తిట్టడమేటి, మీటింగులకి పిలుస్తారు."

తిరుమలరావు ఆ మాట రెండు రోజులు నమిలాడు. మూడో రోజు జగన్నాధం పొలంలో కాయ లేచింది. అతను చోటు చూపించలేదు. సున్నప్పొడితో పది సెంట్ల మేర గుండ్రం గీశాడు.

"ఇందులో ఉన్నాది బావా. ఎక్కడో తెల్దు."

జగన్నాధం నోరు తెరిచాడు. "ఒరే బావా, బోరు బండోడికేటి సెప్పమంటావు? దీని సుట్టూ ప్రదచ్చినాలు సెయ్యమంటావా?"

గట్టు మీద కూలివాళ్లు పగలబడి నవ్వారు.

"రేపు శృంగవరపుకోట నుంచి ఏపపుల్లతో నీళ్లు సూసే ఆయన్ని రప్పిస్తాను. ఆయన ఏలెట్టి సూపిస్తాడు."

"ఆయన సూపించిన కాడ నీళ్లు పడతన్నాయా?"

"పడ్డం సంగతి తరవాత. సూపిస్తాడు గదా!"

రెండు ఎండు బోర్లకి రాని చెడ్డపేరు ఒక్క నిజం మాటకి వచ్చింది. ఇంటికొచ్చి చెబితే, "నువ్వు సేసిందే కరెక్టు తాతా," అంది ఝాన్సీ. ఆమెకేం, చందమామంత గుండ్రంలో ఎవరూ బోరు వెయ్యమనరు.

మర్నాడు పొద్దున్నే తిరుమలరావు పొలానికి వెళ్లి గుండ్రాన్ని కాలితో చెరిపేశాడు. జగన్నాధం రాగానే, కాయైనా పట్టకుండా ఒక చోట మడమ నొక్కి "ఇక్కడే" అన్నాడు. ఎంత లోతంటే అదీ చెప్పేశాడు, నూట డెబ్బై రెండు అడుగులని.