ఎవరూ నన్ను మాట్లాడించి చూడలేదు

నేను ఒక రేడియోను. పాటలు, వార్తలు వినిపించే రకం కాను. నేను వింటాను, మాట్లాడతాను కూడా. హామ్ రేడియో అంటారు నన్ను. ఫోన్లు మూగబోయినా, టవర్లు కూలినా, చెట్టుకో డాబాకో కట్టిన ఒక తీగ, పక్కన ఒక బ్యాటరీ ఉంటే చాలు, వందల మైళ్ల అవతలికి మనిషి గొంతు మోసుకుపోతాను. ముందే చెబుతున్నాను, నాకు కోపంగా ఉంది. చల్లారిన తర్వాత చెబుదామనుకున్నాను గాని అది చల్లారేలా లేదు.

సముద్రాల అవతల ఎక్కడో ఒక కర్మాగారంలో నన్ను తయారు చేశారు. అట్టపెట్టెలో సర్దేటప్పుడు నాతోపాటు చిటికెనవేలంత లావున్న తీగ ఒకటి పెట్టారు. నా తిండి అంతా ఆ తీగలోంచే రావాలి. వినడానికైతే గుక్కెడు గంజి చాలు నాకు. మాట్లాడాలంటే మాత్రం దానికి ఇరవై రెట్లు కావాలి. మనుషులూ అంతే అనుకునేవాణ్ణి. కాదట, చాలామందికి మాట్లాడటమే తేలిక.

నా మొదటి యజమాని సోలమన్ గారు విశాఖపట్నంలో ఉండేవారు. ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేసి దిగిన మనిషి. రోజూ సాయంత్రం నా ముందు కూర్చుని బ్రెజిల్ వాడితో, ఫిన్లాండ్ వాడితో వాళ్ల ఊళ్లో వాన పడిందా అని కబుర్లాడేవారు. పక్క వాటా ఆయనతో మాత్రం కుళాయి నీళ్ల దగ్గర తగువు వచ్చి మాటలు మానేశారు. ఆ పెద్దాయన పోయాక, వాళ్లావిడ నన్ను గోదావరి ఒడ్డున ఉన్న ఒక పట్నంలోని హాముల సంఘానికి, అంటే నాలాంటి రేడియోల మీద మాట్లాడేవాళ్ల సంఘానికి, ఇచ్చేసింది. వరదలొచ్చినప్పుడు పనికొస్తుందని ఆవిడ ఆశ.

ఆ సంఘానికి కార్యదర్శి భుజంగరావు. కండువా, గంధం బొట్టు, ఎవరైనా ఫొటో తీస్తున్నారంటే నా మీద ఒక చెయ్యి. ఒక ఎగ్జిబిషన్‌లో మా సంఘం స్టాలు పెట్టింది. స్టాల్లో పెద్ద లైట్లకు తీగ చాలలేదు. భుజంగరావు నా వెనక్కి వచ్చి, నా లావుపాటి తీగలో నడుమ భాగం కోసి తీసుకుపోయాడు. దాని చోట ఇంట్లో చిన్న బల్బుకు వాడే సన్నతీగ ముక్క ఒకటి అతికి, పైన నల్ల టేపు నున్నగా చుట్టాడు. తర్వాత నన్ను ఆన్ చేశాడు. ఎవరో ఎక్కడో మాట్లాడుతున్నది స్పష్టంగా వినిపించింది.

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని ఆపేశాడు. మైకు మీట నొక్కి ఒక్క ముక్క మాట్లాడి చూస్తే అతని సొమ్మేం పోయేది?

ఆ ఏడాది గోదావరి పొంగింది. నది నడుమ ఉన్న లంకగ్రామాల్లో ఒకదానికి నన్ను, హైమావతిని పంపారు. హైమావతి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు, సంఘంలో సభ్యురాలు. ఆమె గొంతు క్లాసులో వెనక బెంచీ దాకా వెళ్లే గొంతు. లంకలోని బడి మేడ మీద ఊరంతా తలదాచుకుంది. కింద గదుల్లోకి నీళ్లు వచ్చేశాయి. మంగాయమ్మ అనే ఆవిడ అందరికీ వండిపెడుతోంది. "టీచరుగారండీ, మీ పెట్టెకి కూడా ఓ ముద్ద పెట్టమంటారా?" అని నన్ను చూసి నవ్వింది.

మేం చేరిన రోజు మధ్యాహ్నమే, నన్ను ఇంకా మాట్లాడించకముందే, వంటకి పుల్లలు తీస్తుంటే, వరదకి మెట్లెక్కి వచ్చిన తాచుపాము మంగాయమ్మ చేతి మీద కాటేసింది. బోటు రావాలి, ఆసుపత్రికి చేర్చాలి. ఫోన్లేమో ఎప్పుడో మూగబోయాయి. హైమావతి మైకు అందుకుని మీట నొక్కింది.

"అర్జెంటు! ఇక్కడ పాము..."

నేను ఆరిపోయాను.

మళ్లీ ఆన్ చేసింది. వెలిగాను. అవతల పట్నంలో ఆపరేటరు "ఎవరది, చెప్పండి" అంటున్నాడు. విన్నాను. మీట నొక్కి ఆమె నోరు తెరవగానే మళ్లీ ఆరిపోయాను. బ్యాటరీకి మీటరు పెట్టి చూసింది, నిండుగా ఉంది. యాంటెన్నా చూసింది. మైకు మార్చింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఆకలితో ఉన్నవాడి చేత బరువు ఎత్తించినట్టుంది నా పని. నాకు అరవాలనుంది. అరవడానికి కావలసిందే నాకు అందడం లేదు.

మంగాయమ్మ భర్త సత్తియ్య ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని కేకేశాడు. "ఏటండీ అది! ఇనడానికి పలుకుతాది, మనం సెప్పబోతే సచ్చిపోతాదా!"

అప్పుడు హైమావతి ఒక సంగతి గమనించింది. మాట గట్టిగా పలికిన చోటే ఆరిపోతున్నాను. గొంతు ఎంత పెంచితే నేనంత కరెంటు లాగుతాను మరి. ఆమె మైకు పెదాలకి ఆనించుకుని, గుసగుసగా ఊరి పేరు చెప్పింది. ఆరలేదు. ఒళ్లంతా అరుపుగా ఉన్న మనిషి, బిడ్డను జోకొడుతున్నట్టు, "పాము... కరిచింది... బోటు..." అని మళ్లీ మళ్లీ గొణిగింది. అవతలివాడికి ముక్కలు ముక్కలుగా అందింది. "ఏ ఊరు? మళ్లీ చెప్పండి. గట్టిగా మాట్లాడండమ్మా" అంటాడు అతను. ఆమె గట్టిగా మాట్లాడకూడదు. ఆమె కళ్లలోంచి నీళ్లు నా ముందు పలక మీద పడ్డాయి.

బోటు వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే మంగాయమ్మ ప్రాణం పోయింది.

వరద తీశాక సంఘం సమావేశం పెట్టింది. భుజంగరావు నా మీద చెయ్యి వెయ్యలేదు ఈసారి. దూరం నుంచే చూపించాడు.

"పాత సరుకండీ. లోపల సామాను అరిగిపోయింది. వయసైపోయిన వస్తువుని ఏమంటాం? స్క్రాపుకి ఇచ్చేద్దాం."

అందరూ తలలూపారు. హైమావతి మాత్రం నన్ను చంకన పెట్టుకుని లేచింది. "ఎందుకు ఆరిపోయిందో తెలిసేదాకా దీన్ని ఎవరికీ ఇవ్వను" అంది.

మర్నాడు ఆమె ఇంటికి సత్తియ్య వచ్చాడు. చేతిలో గునపం ఉంది.

"ఆ పెట్టెని నాకియ్యండి టీచరుగారూ. ముక్కలు సేసి పోతాను."

"పగలగొట్టండి. నేను అడ్డం రాను. కానీ ముందు తప్పు దీనిదో కాదో చూడనివ్వండి. దీనిదే అయితే గునపం నేనే అందిస్తాను."

నాకు గుండె ఏముందని కొట్టుకోవడానికి? అయినా భయపడ్డాను. సత్తియ్య గునపం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

హైమావతి నా పై మూత విప్పింది. లోపల మాడిన వాసన లేదు, నల్లబడిన ముక్క లేదు. మూత మళ్లీ బిగించింది. బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి, మీట నొక్కి, "హలో" అని గట్టిగా అంది. ఆరిపోయాను గాని మీటరు ముల్లు కొంచెమే వణికింది. తర్వాత అదే మీటరు నా వెనక, తీగ నాలోకి దిగే చోట పెట్టింది. మళ్లీ "హలో". ఈసారి ముల్లు గోతిలో పడ్డట్టు పడిపోయింది.

ఆమె చాలాసేపు ఆ తీగ వంక చూసింది. "అక్కడ నిండుగా ఉంది. ఇక్కడికి రావడం లేదు. మధ్యలో పోతోంది" అంది మెల్లగా. నల్ల టేపు చుట్టిన చోట వేలు పెట్టి చటుక్కున తీసేసింది. అది కాలుతోంది. బ్లేడుతో టేపు కోసింది. ఇటు లావు తీగ, అటు లావు తీగ, నడుమ దారప్పోగులాంటి సన్నతీగ.

"ఎవరెట్టారండి ఇది?" అన్నాడు సత్తియ్య.

ఆమె లేచి ఫోను చేసింది. అవతల భుజంగరావు గొంతు నాకు కూడా వినిపించింది.

"అవునమ్మా, లైట్లకి కావలసొచ్చి నేనే తీశాను. దానికేముంది? ఆన్ చేసి చూశానుగా, చక్కగా వినిపించింది!"

"వినిపించింది. మాట్లాడించి చూశారా?"

"ఇప్పుడు అదంతా తవ్వుకోవడం ఎందుకు? పోయినావిడ తిరిగొస్తుందా? సంఘం పరువు గురించి ఆలోచించు."

హైమావతి ఫోను పెట్టేసింది. బజారుకు వెళ్లి లావు తీగ తెచ్చి తన చేతులతో అతికింది. నాకు కడుపు నిండింది.

ప్రతి ఆదివారం పొద్దున రాష్ట్రంలోని హాములంతా ఒకేసారి రేడియోల ముందు చేరి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. ఆ ఆదివారం భుజంగరావు వరద నివేదిక చదివాడు. సంఘం సేవలన్నీ చదివి, చివర "ఒకచోట యంత్రం పాతదవడం వల్ల చిన్న అంతరాయం" అన్నాడు. అతను ఆపగానే హైమావతి మీట నొక్కింది. పక్కన సత్తియ్య ఉన్నాడు. గునపం తేలేదు.

"యంత్రం పాతదవడం వల్ల కాదు" అంది, క్లాసులో వెనక బెంచీకి చెప్పే గొంతుతో. "అదే యంత్రం మీద ఇప్పుడు మాట్లాడుతున్నాను. దాని తీగ కోసి సన్నతీగ అతికిన మనిషి భుజంగరావు గారు. మాట్లాడించి చూడకుండా మమ్మల్ని లంకకి పంపారు. నేనూ బయలుదేరే ముందు మాట్లాడి చూసుకోలేదు, ఆయన మాట నమ్మాను. ఆ చిన్న అంతరాయంలో చనిపోయినావిడ పేరు మంగాయమ్మ."

నా జన్మలో అంత గట్టిగా మాట్లాడింది లేదు. ఒక్క అక్షరం దగ్గర కూడా తడబడలేదు. భుజంగరావు మధ్యలో ఏదో అనబోయాడట, నా గొంతు కింద అతని గొంతు నలిగిపోయిందట. ఆమె మీట వదిలింది. తర్వాత అనంతపురం నుంచి ఎవరో పెద్దాయన, "వినిపించిందమ్మా" అన్నాడు. నెల్లూరు నుంచి ఒకరు. శ్రీకాకుళం నుంచి ఇంకొకరు.

భుజంగరావు రాజీనామా చెయ్యలేదు. ఇప్పటికీ అతనే కార్యదర్శి. నా కోపం అందుకే చల్లారడం లేదు.

ఆ ఆదివారం పొద్దున సత్తియ్య నా వైపు వంగి హైమావతిని అడిగాడు.

"ఆళ్లందరికీ ఇనపడిందాండీ?"

"వినపడింది సత్తియ్య గారూ."

"అయితే మా ఇంటిదాని పేరు ఇంకోపాలి సెప్పండి."

హైమావతి మీట నొక్కి మైకు అతని చేతికిచ్చింది.