పాత మచ్చ

ఆఫీసులో అతన్ని అందరూ కత్తెర అనేవారు. ఇన్సూరెన్స్ కంపెనీకి వచ్చే ఆస్పత్రి కాగితాల్లో ఏదో మూల నక్కిన పాత జబ్బును పట్టుకుని, క్లెయిమ్ మొత్తం ఎగరగొట్టడం అతని పని. డాక్టర్ కేసు షీటులో "పదేళ్ళుగా షుగర్" అన్న ముక్క కనబడిందా, ఆ ఇంటివాళ్ళు ఇల్లు అమ్ముకోవాల్సిందే. జనం డాక్టర్ దగ్గర నోరు జారి తమ కొంప తామే ముంచుకుంటారని టీ తాగుతూ నవ్వేవాడు.

అందుకే ఆ ఉదయం బావ గుండె పట్టుకుని కూలబడ్డాడని అక్క ఫోన్ చేస్తే, అతను ముందు అడిగింది బావ ఎలా ఉన్నాడని కాదు.

"డాక్టర్‌తో ఏమైనా వాగావా?"

"ఇంకా లేదురా."

"నేనొచ్చేదాకా నోరు విప్పకు."

బావ లిఫ్టులు రిపేరు చేస్తాడు. మూడేళ్ళ కిందట మెదడులో చిన్న నరం చిట్లి పదకొండు రోజులు మంచాన పడ్డాడు. ఆ పదకొండు రోజులు అక్క కుట్టు మిషన్లు రెంటినీ మింగేశాయి. కోలుకున్నాక పాలసీ తీసుకున్నారు. ఫారం నింపింది కత్తెరే. పాత జబ్బులు అన్న గడిలో "లేవు" అని తనే రాశాడు.

ఎమర్జెన్సీ గదిలో డాక్టరమ్మ గబగబా చెప్పింది. గుండె నాళంలో రక్తం గడ్డకట్టింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడే ఇవ్వచ్చు. అది పడని మనిషైతే, నాళం తెరిచే పెద్దాస్పత్రికి ఈ క్షణమే పంపాలి.

"ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా?"

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. నొప్పి గుండెలో అయితే తల సంగతి ఎందుకు, అనుకున్నాడతను. కేసు షీటులో ఏ ప్రశ్నయినా కంపెనీ కోసమే అడుగుతారని పద్దెనిమిదేళ్ళుగా అతని నమ్మకం. రోగి కోసం కూడా అడుగుతారని ఎన్నడూ తట్టలేదు.

బావకి ఇంకా తెలివుంది. మాట రాక, చెయ్యెత్తి తల వైపు చూపించబోయాడు. కత్తెర ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్క మీదికి దించేశాడు.

"లేదండీ. రాయిలాంటి మనిషి."

డాక్టరమ్మ అదే రాసుకుంది. ఇంజెక్షన్ ఎక్కించారు.

మధ్యాహ్నానికి బావ మూతి పక్కకి లాగేసింది. ఆ తర్వాత స్పృహ పోయింది. స్కాన్ తీశారు. తెల్లగా పొంగిన కొత్త రక్తం, దాని పక్కనే నల్లటి పాత మచ్చ. డాక్టరమ్మ కేకలేయలేదు.

"అడిగాను కదండీ," అంది.

ఆరు రోజులు వెంటిలేటర్ ఊపిరి పోసింది. ఏడో రోజు బావ పోయాడు, దాన్ని తీసేశారు. అప్పటికి అక్క ఉంటున్న రెండు గదులూ తాకట్టులోకి వెళ్ళాయి. ఎలాగూ కంపెనీ డబ్బు వస్తుంది కదా అని తమ్ముడే దగ్గరుండి సంతకం పెట్టించాడు.

ఆ ఫైలు తన బావదని అతను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే అనుమానంతో తిరగేస్తారు. అది పక్క బల్ల దగ్గరున్న కొత్తమ్మాయికి వెళ్ళింది. పని నేర్పింది అతనే. పది నిమిషాల్లో ఆమె కాగితం పట్టుకుని మురిసిపోతూ వచ్చింది.

"కేసు షీటు కడిగిన ముత్యంలా ఉంది సార్. అందుకే మీరు చెప్పినట్టు స్కాన్ రిపోర్టు చూశాను. పాత మచ్చ."

"బాగా పట్టావమ్మా," అన్నాడు కత్తెర.

వారానికి ఉత్తరం వచ్చింది. ఆ కంపెనీ భాష తనకి తెలియదని, అక్క తెచ్చి తమ్ముడి చేతిలోనే పెట్టింది. "గత వ్యాధిని ఉద్దేశపూర్వకంగా దాచినందున" అని అతను చదివి వినిపించాడు. ఆ వాక్యం అతనిదే. ఆఫీసంతా వాడుకోమని తనే రాసిచ్చాడు.

అక్క చివరిదాకా విన్నది.

"చెబితే డబ్బు రాదన్నావు. చెప్పలేదు, అయినా రాలేదు. పోనీలే. ఆయన చెయ్యెత్తాడురా, నేను చూశాను. నువ్వు దించకపోతే ఇంటికొచ్చేవాడా?"

కత్తెర ఉత్తరాన్ని మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఆ విషయం ఇందులో లేదక్కా," అన్నాడు.