అగ్గిపుల్లల మీద లైటు

పదకొండేళ్లుగా ఈ ఇంట్లో స్విచ్చు పాడైనా, కుళాయి కారినా, తలుపు బందు ఊడినా బాగుచేసింది నేను. ఎవరూ నేర్పలేదు. షాకులు తిని నేర్చుకున్నాను. మా అత్త ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు. పనిచేసే స్విచ్చుని ఎవరు పొగుడుతారు?

మొన్న నా తోడికోడలు గుండ్రటి గాజు లైటొకటి కొనుక్కొచ్చి ముందుగది కప్పుకి బిగించింది. ఒక్క లైటు. అత్త పక్కింటావిడని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"చూడమ్మా మా చిన్నకోడలి పనితనం. నువ్వేమంటావే పెద్దదానా?"

"వెలుగుతోంది," అన్నాను. నా కడుపులో దానికంటే ఎక్కువే వెలుగుతోంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టూలెక్కాను, లోపం దొరక్కపోతుందా అని. దొరికింది. పాత రంధ్రాలు వదులైతే వాటిలో స్క్రూని పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టాలి. ఆ మహాతల్లి అగ్గిపుల్లలు కుక్కి వాటిమీద స్క్రూలు తిప్పింది. అప్పటికే కప్పుకీ లైటు వెనక రేకుకీ మధ్య గోరు దూరేంత సందు.

చెప్పలేదు. పడనీ, ఎవరి పనేంటో అప్పుడు తెలుస్తుందనుకున్నాను.

వెలుతురు బాగుందని అత్త సరిగ్గా దాని కిందికే కుర్చీ జరుపుకుని గుండీలు కుట్టడం మొదలెట్టింది.

"కుర్చీ ఇటు జరుపుకోండి అత్తయ్యా, గాలొస్తుంది."

"దాని లైటు కింద కూర్చుంటే ఓర్వలేవు కదూ," అంది తలెత్తకుండా.

నిజమే. అందుకే మర్నాడు కూడా నోరు మూసుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆవిడ పాపిట్లో కప్పునుంచి రాలిన సున్నప్పొడి కనిపించింది. ఆవిడ బజారుకెళ్లగానే మెయిన్ ఆపి, లైటు దించి, అగ్గిపుల్లలు పీకి, బ్యాటరీ డ్రిల్లుతో కొత్త రంధ్రాలు తొలిచి, ప్లగ్గులు కొట్టి బిగించాను. కప్పుకి ఏది బిగించినా ప్రతి స్క్రూ తలమీది గీత గుమ్మం వైపే ఉంచుతాను. వదులైతే గీత పక్కకి తిరుగుతుంది, కిందినుంచే తెలిసిపోతుంది.

అత్త వచ్చి కుర్చీలో కూర్చుంది. సూదిలో దారం ఎక్కించబోతూ పైకి చూసింది.

"దాన్ని ముట్టుకున్నావా?"

"ఎవరన్నారు?"

"గీతలన్నీ గుమ్మం వైపున్నాయి. వంటింట్లో, వరండాలో అన్నీ అంతే. చిన్నది అలా బిగించదు."

అంటే పదకొండేళ్లూ చూస్తూనే ఉంది. సంతోషం రాలేదు, ఒళ్లు మండింది.

"తెలిసీ ఎప్పుడూ అనలేదేం?"

"నువ్వడగలేదుగా."

"ఇప్పుడడుగుతున్నాను. సాయంత్రం అందరిముందూ చెప్పండి."

అత్త దారం కొరికింది. "మొన్న కుర్చీ జరపమన్నావు. అప్పటికే తెలుసన్నమాట నీకు."

"తెలుసు."

ఆవిడ ఇంకో గుండీ అందుకుంది. సాయంత్రం భోజనాల దగ్గర, ఎవరూ చెయ్యి కడుక్కోకముందే అంది, "ఆ లైటు ఇప్పుడు పెద్దది బిగించింది. చిన్నదాని బిగింపు నిలవలేదు."

నేను తెలిసీ రెండు రోజులు ఊరుకున్న సంగతి ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చిన్నదాని ముఖం వాడిపోయింది. అబద్ధమెందుకు, చాలా రోజుల తర్వాత నాకు బాగా ఆకలేసింది. మళ్లీ వడ్డించుకున్నాను.