ఉల్కల పోరులో పగిలిన టోపీ

నేను ఒక అంతరిక్ష శిరస్త్రాణాన్ని. అంత పెద్ద మాట సీరియల్లో అనేవారు. ఇంట్లో నన్ను టోపీ అంటారు.

నన్ను చేసింది యాదగిరి. కృష్ణానగర్‌లో ఒక రేకుల షెడ్డులో, ఎవరో పారేసిన స్కూటర్ హెల్మెట్ మీద ఫైబర్ పోసి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, వెండి రంగు కొట్టాడు. చెవుల దగ్గర రెండు పౌడరు డబ్బా మూతలు అంటించాడు. ఏ నక్షత్రం నుంచి మాట్లాడినా వినిపించే యంత్రాలు అవేనని సీరియల్ వచ్చాక గాని నాకు తెలియలేదు.

‘ఏడో కక్ష్య’ అనే ఆ సీరియల్ ఆదివారం పొద్దున వచ్చేది. అందులో నౌకాధిపతి అగస్త్యుడి వేషం కోటిలింగానిది. తెనాలి నాటకాల్లో నలిగి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, తల చిన్నది. మొదటిసారి నన్ను పెట్టుకుని ఆయన కుడివైపుకు తిరిగితే, నేను మాత్రం ముందుకే చూస్తూ ఉండిపోయాను.

“అన్నా, నీ తలకాయ జర చిన్నగున్నది. ఇంటికి తీస్కపోయి వదినతోని లోపల మెత్త కుట్టించు” అన్నాడు యాదగిరి.

ఆ వదిన భ్రమరాంబ. తన నీలం వాయిల్ చీర చింపి, దూది కూరి, భర్తను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి కొలత చూసింది. నన్ను ఆయన తలకు పెట్టడం, తీయడం, చెవి పైన కొంచెం, వెనక కొంచెం దూది సర్దడం, మళ్ళీ పెట్టడం. ఆయన కదిలినప్పుడల్లా సూది గుచ్చుతానని బెదిరించింది. ఆ మధ్యాహ్నం తర్వాత ఆయన తల ఎటు తిరిగితే నేనూ అటే తిరిగాను.

ఇక నా పగులు సంగతి. మొదటి షూటింగ్‌కు ఇద్దరూ స్కూటర్ మీద బయల్దేరారు. నేను వెనక ఆమె ఒళ్లో ఉన్నాను. అమీర్‌పేట దగ్గర బండ్లు ఆగినప్పుడు పక్క ఆటోలోని పెద్దాయన నన్ను చాలాసేపు పరీక్షగా చూశాడు.

“ఏమ్మా, ఈ ఇడ్లీ పాత్ర యాడ కొన్నరు?” అని అడిగాడు.

“శనిగ్రహంలో” అన్నాడు కోటిలింగం, అగస్త్యుడి గొంతుతో.

ఆమెకు నవ్వు ఆగలేదు. “నవ్వకే, పడతావ్” అంటూనే ఆయన గేరు వేశాడు. ఆమె పడలేదు. నేను పడ్డాను. నుదుటి నుంచి కుడి చెవి దాకా పగిలాను.

యాదగిరి అతికించాడు కానీ గీత దాగలేదు. ఇంకొకటి చేయడానికి వ్యవధి లేదు. దర్శకుడు కాసేపు తల పట్టుకుని కూర్చుని, అప్పటికప్పుడు ఒక మాట రాసిచ్చాడు. నౌకలోని కుర్రవాడు పగులు గురించి అడిగితే అగస్త్యుడు నన్ను నెమ్మదిగా తడిమి అంటాడు: “దీని గురించి అడగకు. ఇది ఉల్కల పోరు నాటిది.”

ఆ పోరు ఏమిటో రాసినవాడికే తెలియదు. చూసినవాళ్ళు మాత్రం మరిచిపోలేదు. సీరియల్ ఆగిపోయింది, యాదగిరి షెడ్డు పోయి అక్కడ మేడ లేచింది, నేను బీరువా మీదికి చేరాను. అయినా ఎక్కడ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు కోటిలింగాన్ని పట్టుకుని ఉల్కల పోరులో ఏం జరిగిందని అడిగేవారు. ఆయన గంభీరంగా భార్య వైపు చూసేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

కోటిలింగం చనిపోయిన ఏడాదే సాకేత్ వచ్చాడు. చిన్నప్పుడు ఆ సీరియల్ చూసి పెరిగినవాడు, ఇప్పుడు సినిమా దర్శకుడు. సీరియల్‌కు ముందు జరిగిన కథ తీస్తున్నానన్నాడు. అగస్త్యుడి యౌవనం, ఉల్కల పోరు. స్కూటర్ గేరు మీద ఒక పెద్ద సినిమా నిలబడబోతోందని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు భ్రమరాంబ. రెండోది నేను.

నా రోజు వచ్చిందనుకున్నాను. దుమ్ము దులిపించుకుని బల్ల మీద మెరవడానికి శాయశక్తులా ప్రయత్నించాను.

“నమూనాకి మాత్రమే ఆంటీ. మన కథ ముందు జరిగేది కదా, అప్పటికి ఇది కొత్తగా ఉండాలి” అన్నాడు సాకేత్.

అంటే నా చిన్నతనం వేషానికి ఇంకొకరిని పెట్టుకున్నారు.

నా చుట్టూ యంత్రాలు తిప్పి కొలతలు తీసుకున్నారు. పోలిక చూసుకోవడానికి నన్ను షూటింగ్‌లోనే ఉంచుకున్నారు. కొన్నాళ్ళకు కొత్తది వచ్చింది. ఏం చెప్పమంటారు. నునుపు, మెరుపు, తేలిక. నా పౌడరు డబ్బా మూతల్ని కూడా వదల్లేదు. వాటి అంచు గాట్లతో సహా లోహంలో పోత పోశారు. కథలో అది నాకంటే ముందుది, పుట్టుకలో నిన్నటిది. నేను పడ్డ చోట నన్నెవరూ పట్టుకోలేదు. దాన్ని మోయడానికి ప్రత్యేకంగా ఒక మనిషి, పడుకోవడానికి మఖమలు పెట్టె, ఎండ తగలకుండా గొడుగు. దాని మీద ఎవరైనా టీ ఒలకబోస్తే బాగుండునని రోజూ కోరుకున్నాను. అక్కడ టీ కూడా మూత ఉన్న కప్పుల్లో తాగుతున్నారు.

నన్ను ఇంటికి పంపేశాక, షూటింగ్ చివరి రోజున సాకేత్ మనసు మారింది. సినిమా ఆఖరి దృశ్యం సీరియల్ మొదటి దృశ్యంతో అతుక్కోవాలి, అక్కడ మాత్రం అసలుదే ఉండాలన్నాడు. భ్రమరాంబ నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని స్వయంగా తీసుకువెళ్ళింది. మఖమలు పెట్టె పక్కనుంచి వెళ్ళేటప్పుడు నేను అటు చూడలేదు. చూడనట్టు ఉండటం కూడా నటనేనని కోటిలింగం దగ్గర నేర్చుకున్నాను.

కుర్ర హీరో నన్ను అందుకుని కళ్ళకద్దుకున్నాడు. తలకు పెట్టుకోబోయాడు. నేను చెవుల దగ్గరే ఆగిపోయాను. అతను ఎంత వంగినా, ఎంత అదిమినా దిగలేదు. దుస్తుల మేస్త్రి వచ్చి లోపలికి చూసి, ఈ పాత మెత్త తీసేస్తే సరిపోతుందన్నాడు. కత్తెర తెచ్చాడు.

ఆమె ముందుకు వచ్చింది. తీస్తే మళ్ళీ ఇలాగే పెట్టగలరా అని అడిగింది. ఇంతకంటే మంచి ఫోమ్ పెట్టించి ఇస్తామన్నారు.

తెంపండి, అని నేను లోలోపల అంటున్నాను. దూదే కదా. చీర పేలికే కదా. ఆ కొత్తదాని ఎదుట, ఆ దీపాల కింద, ఒక్క నిమిషం ఉండనివ్వండి.

కత్తెర మొన మొదటి కుట్టు కిందికి వెళ్ళింది. భ్రమరాంబ తన చేయి అడ్డం పెట్టింది.

“వద్దు బాబూ. ఆయన తల కొలత నాకు ఇంకెక్కడా లేదు.”

సాకేత్ మేస్త్రి చేతిలోంచి కత్తెర తనే తీసుకున్నాడు. తర్వాత నా గీత పలచటి కాగితం మీద దించుకుని, కొత్తదాన్ని సుత్తితో అదే గీత వెంట పగలగొట్టి, ఆఖరి దృశ్యం దానితోనే కానిచ్చారు. నా పగులు కూడా దానికే ఇచ్చేశారు. ఆ రోజు భ్రమరాంబ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె ఒక్క కుట్టు వదులుకోలేకపోయింది, నేను వెండితెర వదులుకున్నాను.

సినిమా విడుదలకు ముందు ఆమెను ప్రత్యేక ప్రదర్శనకు పిలిచారు. నన్నూ తీసుకువెళ్ళింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. కుళ్ళుకోవడానికి నాకు ఇంట్లో చోటు చాలదా.

తెర మీద ఉల్కల పోరు మొదలైంది. నిప్పురవ్వలు, ఉరుములు, విరిగిపోతున్న నౌకలు. కొండంత ఉల్క దూసుకొచ్చి కొత్తదాని నుదుటిని రాసుకుంటూ పోయింది. పగులు నుదుటి నుంచి కుడి చెవి దాకా నెమ్మదిగా పాకింది. హాలంతా ఊపిరి బిగపట్టింది. పక్కన ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

ఆమె ఒళ్లో నేను అదరడం మొదలుపెట్టాను. భయం కాదు. ఆమె నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, స్కూటర్ మీద నవ్వినట్టే నవ్వుతోంది. ఆయన పోయాక ఆ నవ్వు మళ్ళీ వినడం అదే మొదలు.

పక్కనే ఉన్న సాకేత్ కంగారుపడి, ఏమైంది ఆంటీ, తప్పు తీశానా అని చెవిలో అడిగాడు.

“లేదు బాబూ. అచ్చం ఇలాగే జరిగింది” అంది.

ఇప్పుడు ఆ కొత్తది ఒక పెద్ద థియేటర్ ముందు గాజుపెట్టెలో ఉంది. దాని పక్కన నిలబడి జనం ఫోటోలు తీసుకుంటున్నారు. సీరియల్లోది ఇదేనని పిల్లలకు చూపిస్తున్నారు. నాకు అసూయ పోయిందని అనను. ఆ గాజుపెట్టె నాకూ కావాలి. అయితే షూటింగ్‌లో ఒకసారి ఆ కొత్తదాని లోపలికి తొంగి చూశాను. తెల్లటి ఫోమ్. ఎవరి తలకైనా సరిపోయేది.

నేను బీరువా మీద లేను. ఆమె మంచం పక్క బల్ల మీదికి దిగాను. అప్పుడప్పుడు ఆమె అరచేయి నా లోపలికి వస్తుంది. చెవి పైన కొంచెం, వెనక కొంచెం తడుముతుంది. నేను దూది కదలనివ్వను.