అస్తరు ముక్క మీద కుట్లు

ముందే చెప్పుకుంటున్నాను, నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పి ఉంటే మీరే సరిచేసుకుని చదవండి. ఈ కాసిని పేజీలకే నాకు నెల పట్టింది. ‘నేను’ అని మొదలుపెడితే చెయ్యి కదల్లేదు. ‘ఆమె’ అనుకుంటే కదిలింది. అందుకని ఆమె అనే రాస్తున్నాను.

ఇంట్లోవాళ్లు లేచేలోపు దుప్పటి ఉతికి ఆరేయడం ఆమెకు అలవాటు. మరక పడ్డచోట ముందు చన్నీళ్లు, తర్వాత సబ్బు. వేడినీళ్లు పోస్తే నెత్తురు మరక గుడ్డని పట్టుకుని వదలదు. ఎవరైనా అడిగితే ‘ఎండ బాగుంటుందని తడిపాను’ అనాలి. ఆ వేళకి ఎండెక్కడిది? అయినా ఎవరూ అడగరు.

ఇరవై రెండేళ్ల నుంచి ఆమె పేగుల్లో పుండ్లు. ఆయన బతికున్నప్పుడు, ‘పొద్దస్తమానం ఆ తలుపు వెనకే ఉంటావేం, లోపలేమన్నా దాచుకున్నావా?’ అని నలుగురిలో నవ్వేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది, అదే విచిత్రం. ‘నోరు కట్టుకోలేని వాళ్లకే ఈ కడుపు జబ్బులు’ అని అత్తగారు కంచంలోకి చూస్తూ అనేది. డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘వంట చేసుకోవచ్చుగా?’ అని. ఎవరి వంట ఎవరు చేసుకోవడం? ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు పొద్దున్నే బాత్రూం తలుపు మీద కొడుకు వేళ్లు టకటకలాడతాయి. “అమ్మా, ఆఫీసుకి టైమవుతోంది!” కోడలు అలా కొట్టదు. తువ్వాలు భుజాన వేసుకుని తలుపవతల నిలబడుతుంది, అంతే. ఆ నిలబడడం లోపలికి వినిపిస్తుంది. పని సగంలో ఆపుకుని బయటికి రావడం ఆమెకి వచ్చిన విద్యల్లో మొదటిది.

దర్జీ షాపులో ఆమెను కాజాలమ్మ అంటారు. కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం, అంచులు మడిచి కుట్టడం ఆమె పని. అక్షరాలు రాని రోజుల్లో ఎవరి చొక్కాకి ఎన్ని గుండీలో, ఏది ఎప్పటికివ్వాలో, బట్టల లోపలివైపు వేసే అస్తరు గుడ్డ ముక్కల మీద కుట్లు వేసుకుని గుర్తుపెట్టుకునేది. షాపు ఓనరమ్మ అది చూసి ఒకరోజు తల పట్టుకుంది. “నీ గుడ్డముక్కలు నీకు తప్ప దేవుడికి కూడా అర్థం కావు. రేపు నువ్వు రాకపోతే నేను షాపు మూసుకోవాలా?” అని కొలతల పుస్తకం ముందు పెట్టుకుని అంకెలూ అక్షరాలూ నేర్పింది. మంచి మనిషే. కానీ ఆమె బాత్రూంకని కుర్చీలోంచి లేచినప్పుడల్లా ఓనరమ్మ కళ్లద్దాల పైనుంచి చూసి, “మళ్లీనా?” అంటుంది.

ఈ జబ్బుకి కొత్త వైద్యం ఒకటి వచ్చిందని పెద్దాసుపత్రిలో పొట్టి నర్సు ఒకామె చెప్పింది. ఇంకా పరీక్ష దశలోనే ఉందట. “అమ్మా, ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే పొరబడి మీ పేగుల్ని కొడుతున్నాయి. ‘ఇక ఆగండి’ అని వాటికి చెప్పే కణాలు కూడా మీ రక్తంలోనే కొన్ని ఉంటాయి. వాటిని ఏరి, ల్యాబులో పెంచి, మళ్లీ మీకే ఎక్కిస్తాం.”

ఆగండి అని చెప్పేవి తన ఒంట్లో ఉన్నాయా? అరవయ్యేళ్లలో ఒక్కసారీ వాటి గొంతు వినలేదే, అనుకుంది ఆమె.

“అందరికీ ఎక్కిస్తారా?”

“సగం మందికి కణాలు, సగం మందికి ఉత్త సెలైన్. ఎవరికేదో మాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు.”

“మరెవరికి తెలుసు?”

“కంప్యూటర్‌కి.” నర్సు నవ్వింది. “భయపడకండి. పన్నెండు వారాలకి కూడా తగ్గనివాళ్లకి అప్పుడు అసలు కణాలే ఎక్కిస్తాం. మీవి మంచుపెట్టెలో భద్రంగా ఉంటాయి.”

ఎక్కించిన రోజు సంచికి నల్ల కవరు తొడిగి తెచ్చారు. మడత విప్పి వెలుగులో చూడకుండా ఆమె ఏనాడూ గజం గుడ్డ తీసుకోలేదు. అలాంటిది, లోపలేముందో చూడనివ్వని సంచీకి చెయ్యి చాపి పడుకుంది. బొట్లు బొట్లుగా దిగుతుంటే ఒకటే అనుమానం. నీళ్లేనేమో. ముసలిది, ఏది ఎక్కించినా అడగదని నీళ్లే పోస్తున్నారేమో.

ఆసుపత్రివాళ్లు రోజూ నింపమని ఒక పుస్తకం ఇచ్చారు. ఎన్నిసార్లు వెళ్లారు, నెత్తురు పడిందా, నొప్పి ఎంత. ఆమె చెయ్యి చాపేలోపే కొడుకు అందుకున్నాడు. “నువ్వు రాస్తే పన్నెండు వారాలు కాస్తా పన్నెండేళ్లవుతాయి. నేను చూసుకుంటాలే.” పుస్తకం వాడి కంప్యూటర్ గదిలోకి వెళ్లిపోయింది. ఆ గది బాత్రూంని ఆనుకునే ఉంటుంది. ఆమె మంచం మాత్రం ఇంటి వెనక చివర, వంటింటి అవతల.

సరే, పుస్తకం వాడిదైతే గుడ్డ నాది, అనుకుంది. ఆ రోజు నుంచే తెల్లటి అస్తరు పట్టీ ఒకటి రవికెలో పెట్టుకుంది. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక నల్లదారం కుట్టు. నెత్తురు పడితే ఎర్రదారం. రోజుకో వరస. పన్నెండో వారం ఆ పొట్టి నర్సు ‘బాగుపడ్డారమ్మా’ అంటే పట్టీ తీసి ముందు పడేద్దామని.

వారానికోసారి కొడుకు గడప దగ్గర నుంచి అడిగేవాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. “బాగానే ఉందిగా, అమ్మా?”

“ఆ, బాగానే ఉందిరా.”

పన్నెండో వారం ఆసుపత్రికి బయల్దేరుతుంటే కోడలు పుస్తకం తెచ్చి ఆమె సంచీలో పెట్టింది. “అత్తయ్యా, జాగ్రత్త, వంచకండి.” బస్సులో కొడుకు ముందు సీట్లో కూర్చున్నాడు. ఆమె వెనక సీట్లో పుస్తకం తెరిచింది. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలకేం, షాపులో రోజూ చూసేవే. రెండు. రెండు. ఒకటి. రెండు. నెత్తురు: లేదు. నొప్పి: లేదు. ఏడేసి రోజులు ఒకే సిరా, ఒకే వాలు, ఒక్క కూర్చోడంలో రాసినట్టు. రవికెలోంచి పట్టీ తీసి పక్కన పెట్టింది. పుస్తకం రెండన్న రోజున పట్టీ మీద పదకొండు కుట్లు, అందులో ఆరు ఎరుపు.

ఎందుకు రాశాడు? తల్లికి తగ్గిపోయిందంటే ఆసుపత్రికి తిప్పే పని తప్పుతుందనా? తలుపు దగ్గర వరస తగ్గుతుందనా? వాడి మెడ వెనక భాగాన్ని చూస్తూ కూర్చుంది. అచ్చం వాళ్ల నాన్న మెడ. పట్టీ మడిచి మళ్లీ రవికెలో పెట్టుకుంది. పన్నెండు వారాలు ఆసుపత్రిని అనుమానించింది. దొంగని పట్టుకుందామని కుట్టిన పట్టీ తిన్నగా సొంత గడప దగ్గరకే తెచ్చి నిలబెట్టింది. రెండు స్టాపులు దాటాక గానీ ఇంకోటి తట్టలేదు. బాగానే ఉందని వారం వారం చెప్పిందెవరు?

పొట్టి నర్సు పుస్తకం తిరగేసి, కాగితాలు చూసి, మళ్లీ పుస్తకం చూసింది. “పుస్తకం ప్రకారం మీకు తగ్గిపోయినట్టే. కానీ మలం పరీక్ష చూస్తే పేగుల్లో వాపు అలాగే ఉంది. ఏంటో పొంతన కుదరడం లేదు. పుస్తకంలో తగ్గిందని ఉంటే రెండోసారి కణాలు ఎక్కించడానికి లేదు.”

“అమ్మ చెప్పిందే రాశాను. కావాలంటే అడగండి,” అన్నాడు కొడుకు.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ‘బాగానే’ అన్న మాట నాలుక చివరకు వచ్చేసింది కూడా. ఇన్నేళ్లు తిరిగిన మాట, దానికి దారి తెలుసు. ఆమె పళ్లు బిగించి, రవికెలోంచి పట్టీ తీసి బల్ల మీద పరిచింది.

“ఒక్కో వరస ఒక్కో రోజు. నలుపు ఉత్తది. ఎరుపు నెత్తురు.”

నర్సు వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టి, నాలుగో వరసలో ఆగిపోయి కుర్చీ ముందుకు లాక్కుంది. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. “ఏంటమ్మా ఇది, నలుగురిలో! నాకెప్పుడూ చెప్పలేదే?”

“ఎన్నిసార్లని నువ్వడగలేదురా. బాగానే ఉందిగా అని అడిగావు.” ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. “బాగానే ఉందన్నాను. ఆ తప్పు నాది. అంకెలు మాత్రం నీవి.”

నర్సు కలం మూత తీసింది. “అమ్మా, నేను దాచను. పుస్తకం తప్పని రాస్తే పైవాళ్లు మిమ్మల్ని పరీక్షలో ఉంచొచ్చు, తీసెయ్యొచ్చు. తీసేస్తే మీ కణాలు మీకు ఎక్కించరు. రాయమంటారా?”

“ఆలోచించమ్మా,” అన్నాడు కొడుకు నెమ్మదిగా. “తగ్గిందనే ఉంచితే కనీసం చూపించుకోడానికైనా రానిస్తారు. ఇప్పుడు అదీ పోతుంది.”

మంచుపెట్టెలో గడ్డకట్టి ఉన్న తన కణాలు గుర్తొచ్చాయి. ఆగండి అని చెప్పేవి. అన్నిటినీ తీసుకోలేదేమో వీళ్లు. ఒకటో రెండో లోపలే మిగిలినట్టున్నాయి.

“రాయండి,” అంది.

నర్సు పట్టీకి ఫొటో తీసుకుని కొత్త పుస్తకం ఇచ్చింది. అలవాటుగా కొడుకు చెయ్యి చాపాడు. ఆమె పుస్తకాన్ని సంచీలో పెట్టి సంచీ భుజానికి తగిలించుకుంది. ఇంటికొచ్చాక మంచం ఒక కాలు తనే పట్టుకుని, “రెండో వైపు పట్టరా, నీ కంప్యూటర్ ఆ వెనక గదిలో కూడా పనిచేస్తుంది,” అంది. కోడలు తలగడ పట్టుకుని వెనకే వచ్చింది.

ఆసుపత్రి నుంచి జవాబు ఇంకా రాలేదు. ఆ నల్ల కవరు లోపల నీళ్లో కణాలో కూడా ఎవరూ చెప్పలేదు. అనుమానం అలాగే ఉంది, ఉండనీ. కొత్త పుస్తకంలో రాత వంకరే గానీ లెక్క వంకర కాదు. ఇవాళ తొమ్మిది సార్లు. నెత్తురు: ఉంది. నొప్పి: ఉంది. అడుగున ఒక గీత ఉంటుంది, ‘నింపినవారు’ అని. అక్కడ రోజూ ఒకే మాట రాస్తున్నాను.

నేను.

కాజాలమ్మ,
అరవై ఒక్కేళ్లు,
బాత్రూం పక్క గది.